ఆరోగ్యవంతుల బెంచీ

ఆరోగ్యవంతురాలినట నేను. ఆ తెల్ల స్కార్ఫు పిల్ల నా మణికట్టుకి ఆకుపచ్చ పట్టీ చుట్టి, "నువ్విటు కూర్చోమ్మా, ఇది ఆరోగ్యవంతుల బెంచీ" అని చేత్తో చూపించింది, సంతలో మేకల్ని వేరు చేసినట్టు. కూర్చున్నాను. కూర్చోక ఏం చేస్తాను, రాత్రంతా రైల్లో కూర్చునే వచ్చాను దక్షిణాన మా ఊరి నుంచి టెహ్రాన్ దాకా, వెల్లకిలా పడుకుంటే దగ్గు గొంతుకి అడ్డం పడుతుందని. పడుకోలేని ఆరోగ్యవంతురాలిని. ఎదురు గోడకి ఇంకో బెంచీ ఉంది, పసుపు పట్టీల వాళ్ళది. అక్కడంతా మగవాళ్ళే, యుద్ధంలో విషవాయువు పీల్చిన సైనికులు, ఇప్పుడు గడ్డాలు నెరిసి, భుజాలు ఎగరేసి ఎగరేసి ఊపిరి లాక్కుంటున్నవాళ్ళు. వాళ్ళలో చిట్టచివర, చిన్న సిలిండరు కాళ్ళ మధ్య పెట్టుకుని, దాని గొట్టం ముక్కుకి తగిలించుకుని, నా వంక చూడకుండా గోడ గడియారం వంక చూస్తున్నాడే, ఆయనే కరామత్, నా మొగుడు. నోరు విప్పొద్దని రైల్లో చెప్పాడు, రైలు దిగాక చెప్పాడు, ఈ సైనిక వైద్య పరిశోధన కేంద్రం గేటు దగ్గర సెంట్రీ నా సంచి తడుముతుంటే అప్పుడు కూడా గొణిగాడు. నోరు విప్పమని నా నేస్తం గొలందాం చెప్పింది. అక్కడ మా వీధిలో, కిటికీ ఊచ పట్టుకుని కూర్చుని, మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తెచ్చుకుని చెప్పింది. "చెప్పవే తూరాన్. మనం ఏం ఉతికామో చెప్పు." వీళ్ళిద్దరి మధ్య నేను, ఆకుపచ్చ పట్టీతో, పొద్దుట్నుంచి టీ చుక్క పడని నోటితో. పేరు పిలిచేలోపు తేల్చుకోవాలి.

ఆకుపచ్చ. మా వైపు ఆకుపచ్చ పీలిక అంటే మొక్కు. పుణ్యపురుషుల సమాధి జాలీకి ముడేసి, దేవుడా నా బిడ్డకి తగ్గించు, నా మొగుణ్ణి తిరిగి తెప్పించు అని నుదురు ఆనించి ఏడుస్తాం. ఇక్కడ అదే రంగు చేతికి కట్టి నీకే రోగమూ లేదు పో అంటున్నారు. పోయిన నెల కూడా కట్టారు. అప్పుడు మేజర్ డాక్టర్ వసూఖీ గారు స్వయంగా వచ్చి, ఎంత మర్యాదగానో, నా ముందు కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పాడు. "మీ ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే నీళ్ళు, ఒకే తిండి, ఒకే ఎండ. తేడా ఒక్కటే తల్లీ, ఆయన యుద్ధానికి వెళ్ళాడు, మీరు వెళ్ళలేదు. మీ ఊపిరి పక్కన ఆయన ఊపిరి పెట్టి చూస్తే గ్యాసు చేసిన నష్టం ఎంతో మాకు తేలుతుంది." యుద్ధానికి వెళ్ళారా అని అడిగాడు, లేదన్నాను. నిజమే కదా, వెళ్ళలేదు. నా ఊపిరితిత్తులు నా మొగుడికి సాక్ష్యం చెప్తాయి కదా అని పిచ్చిదాన్ని పొంగిపోయాను కూడా. తర్వాత ఆ గొట్టం నోట్లో పెట్టి, ముక్కుకి క్లిప్పు పెట్టి, "ఊదమ్మా, ఊదు, ఊదు, ఊదు, ఆపకు" అని ఈ పిల్లే అరిచింది. ఊదాను. ఊపిరి మధ్యలోనే పుటుక్కున తెగింది. పిల్ల యంత్రం వంక చూసి, నా వంక చూసి, యంత్రాన్ని అరచేత్తో రెండు చరుపులు చరిచింది, చెడిపోయిందేమోనని. మేజర్ గారు వచ్చి చూశాడు. నేనక్కడ లేనట్టు, నేనో బల్లనైనట్టు, పక్కనున్న కుర్ర డాక్టరుతో అన్నాడు, "చూశావా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళవీ ఇలాగే ఉన్నాయి. దక్షిణాన ఆ దుమ్ముకి అందరి ఊపిరితిత్తులూ ఇంతే. ఈమె భర్తకి గ్యాసు వల్ల అనుకుంటున్నదాంట్లో చాలావరకు దుమ్మే."

దుమ్మట! నా మొగుడి ఛాతీలో రాత్రీ పగలూ పిల్లనగ్రోవి ఊదుతున్నది దుమ్మట. ఇద్దరం దగ్గుతాం కాబట్టి ఇద్దరికీ జబ్బు లేదట. ఇదేం లెక్కరా నాయనా, ఏ బడిలో చెప్పారు నీకీ లెక్క? అప్పుడు నాకు ఒళ్ళు మండలేదు, ఎందుకంటే అర్థం కాలేదు. తిరిగి ఊరికి రైలెక్కి, సొరంగాలు దాటుతుంటే, చీకట్లో అద్దంలో నా మొహం నాకే కనపడుతుంటే, అప్పుడు అర్థమైంది. కరామత్ జబ్బులో గ్యాసు వల్ల వచ్చింది ఎంత శాతమో డాక్టర్ల బోర్డు తేలుస్తుంది. ఆ శాతం ఉంటేనే ఇంట్లో ఆక్సిజన్ యంత్రం ఉంటుంది. శాతం తగ్గిందా, వ్యాను వేసుకుని వచ్చి, సంతకం పెట్టించుకుని, యంత్రం ఎత్తుకుపోతారు. మా వీధి చివరాయనది అలాగే ఎత్తుకుపోయారు, ఆయన చెప్పులేసుకుని వ్యాను వెనకాల మలుపు దాకా నడిచాడు, పరిగెత్తే ఓపిక లేక. నా చెడిపోయిన ఊపిరితో నా మొగుడి ఊపిరికి ఎసరు పెడుతున్నారు. నా చేతే పెట్టిస్తున్నారు, క్లిప్పు పెట్టి, ఊదమ్మా ఊదు అని.

వెల్లుల్లి. ఎక్కడిదీ వాసన? చేతులు వాటంతటవే చాదరు కిందికి దూరాయి. ఏమీ లేదు, ఏమీ లేదు, ఎదురు బెంచీ మీద కరామత్ పక్కనున్నాయన డబ్బా మూత తీశాడు, అంతే. బట్టతల, నవ్వు మొహం, ఒక కన్ను పాలవిరుగుడులా తెల్లగా. పలికే తీరు చూస్తే ఉత్తరాది మనిషని తెలుస్తోంది, రష్త్ వైపు, సముద్రం ఒడ్డున. ఆ వైపు వాళ్ళు వెల్లుల్లి లేకుండా పచ్చి మంచినీళ్ళు కూడా తాగరు. నల్లగా నిగనిగలాడే వెల్లుల్లి పచ్చడి రొట్టెలో చుట్టుకుంటున్నాడు. "రక్తం లాగేశారుగా, ఇక తినొచ్చు. ఏడేళ్ళు ఊరిన పచ్చడి ఇది. మా అమ్మాయిని కూడా ఇంత జాగ్రత్తగా పెంచలేదు" అంటున్నాడు. అవతలి మనిషి ముక్కు మూసుకుని, "మూత పెట్టవయ్యా ఫరామర్జ్, గ్యాసుకి బతికాం, నీ పచ్చడికి చచ్చేట్టున్నాం" అన్నాడు. బెంచీ అంతా నవ్వింది. నవ్వు నవ్వుగా ఉండదు వాళ్ళకి, కాసేపటికి దగ్గయిపోతుంది, బెంచీ ఈ చివర నుంచి ఆ చివర దాకా దగ్గు పాకింది. నా పక్కన ఉన్నామె, చారల చాదరు ఆమె, ఆకుపచ్చ పట్టీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చాదరు మడతలోకి దగ్గింది, ఎవరికీ వినపడకూడదన్నట్టు, తప్పు చేసినట్టు. పొద్దుట్నుంచీ అలాగే దగ్గుతోంది. ఆరోగ్యవంతురాలు పాపం.

ఇదే జోకు గొలందాం వేసింది. ఇదే. మా ఊరి ఆసుపత్రి వెనక, రైలు పట్టాల పక్క రేకుల షెడ్డులో, మోకాళ్ళ దాకా నురగలో నిలబడి. లారీ వచ్చి వెనక తలుపు తెరిచి దుప్పట్లు, యూనిఫాంలు, పక్క గుడ్డలు కుప్ప పోసి పోయేది. మామూలు రోజుల్లో రక్తం వాసన, చెమట వాసన, కాలిన జుట్టు వాసన, వాటికి ముక్కు అలవాటు పడిపోయింది. ఆ వారం వచ్చినవి వేరు. కుప్ప విప్పగానే షెడ్డంతా వెల్లుల్లి. గొలందాం దుప్పటి ఎత్తి వాసన చూసి, కళ్ళు తిప్పి, "ఓసి దేవుడా, రష్త్ పటాలం దిగిందే! వీళ్ళకి తుపాకులు ఎందుకే తల్లీ, వరసగా నిలబడి నోళ్ళు తెరిస్తే చాలదూ, అవతలి సైన్యం బాగ్దాద్ దాకా పరుగే పరుగు" అంది. ఎంత నవ్వామో. కళ్ళ నీళ్ళు కారేలా నవ్వాం. నవ్వుకి కారుతున్నాయి అనుకున్నాం ఆ నీళ్ళు. "వీళ్ళ పెళ్ళాలు ఎలా పడుకుంటారే పక్కన" అని ఒకామె, "వాళ్ళూ తింటారుగా, సమానమైపోతుంది" అని ఇంకొకామె. తొట్టెల్లో వేడినీళ్ళు పోశాం, ఆవిరి లేచింది, వేడికి ఆ వాసన ఇంకా లేచింది, మేం మొహాలు ఆవిరి మీద పెట్టి, కర్రలతో తిప్పి, కాళ్ళతో తొక్కి, పిండి, దులిపి, తాళ్ళ మీద ఆరేశాం. దుప్పటి మడతల్లో ఒక్కోసారి మనిషి ముక్క ఏదో దొరికేది, వేలో, చర్మమో. అప్పుడు నవ్వు ఆగేది. షెడ్డు వెనక గొయ్యి తీసి, ప్రార్థన చదివి పాతిపెట్టి, మళ్ళీ వచ్చి నీళ్ళలోకి దిగేవాళ్ళం. సాయంత్రానికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుండేది. రెండో రోజుకి వేళ్ళ మధ్య పొక్కులు లేచాయి, ద్రాక్షపళ్ళంత, లోపల పసుపు నీళ్ళు. బ్లీచింగు ఎక్కువ వేస్తున్నాం అనుకున్నాం. బ్లీచింగు తగ్గించాం. చూడండి మా తెలివి, బ్లీచింగు తగ్గించాం! తర్వాత్తర్వాత తెలిసింది, ఆ విషాన్ని ఎంతో కొంత చంపేది ఆ బ్లీచింగే అని.

ఆ వాయువుకి ఆవాల పేరు పెట్టారట. మస్టర్డ్ గ్యాస్. ఆవాల వాసన రాదు దానికి, వెల్లుల్లి వాసన వస్తుంది. ఈ ముక్క మాకెవరు చెప్పాలి? లారీవాడు చెప్పాలా? వాడికీ తెలీదు, వాడూ పోయాడు కాలేయం కుళ్ళి. వార్డులో కాంపౌండర్లకి రబ్బరు తొడుగులు ఉండేవి, ఒకసారి మా వైపు కూడా ఒక పెట్టె వస్తే గొలందాం వద్దంది. "మొక్కు చేత్తో తీర్చాలి. తొడుగులేసుకుని నమాజుకి చేతులు కడుక్కుంటారా ఎవరైనా?" అంది. దాని తమ్ముడు యుద్ధంలో, సరిహద్దు చిత్తడి నేలల్లో తప్పిపోయాడు, శవం రాలేదు, కబురు రాలేదు. వాడు తిరిగొచ్చే దాకా సైనికుల బట్టలు ఉతుకుతానని మొక్కుకుంది. నేను కరామత్ క్షేమంగా రావాలని మొక్కుకున్నాను. ఆ షెడ్డులో ఉన్న ప్రతి ఆడదీ మొక్కు మీదే ఉంది. జీతం ఇస్తామంటే తీసుకోలేదు, మొక్కుకి కూలి తీసుకుంటారా? ఇప్పుడు అదే మా మెడకి చుట్టుకుంది. గొలందాం ఊళ్ళో ఉన్న యుద్ధ బాధితుల ఆఫీసుకి వెళ్ళి ఇలా అని చెప్పుకుంటే, "నువ్వు అక్కడ పని చేసినట్టు ఏముంది? జీతం తీసుకున్నావా?" అన్నారు. తీసుకోలేదంటే, "మరింకేం" అన్నారు. మరింకేం! ఒక్క మనిషి, ఒక్క మాట చెప్పుంటే, ఆ వాసన వస్తే ముట్టుకోవద్దమ్మా అని, గొలందాం మొక్కుని ఇంకో రకంగా తీర్చుకునేది, దానికి నాలుక ఉంది, దేవుడితో బేరమాడి ఒప్పించేది.

చెప్పగలిగినవాడు వచ్చాడు. అదే నన్ను తినేస్తోంది ఇన్నేళ్ళూ. టెహ్రాన్ నుంచి జీపులో వచ్చాడు, సన్నగా, పొడుగ్గా, తెల్ల కోటు కింద సైన్యం బూట్లు, మొహం నిండా మాస్కు, ఏనుగు తొండంలా ముందుకి పొడుచుకొచ్చి. షెడ్డు బయట ఆడుకుంటున్న మా పిల్లలు చూసి జడుసుకున్నారు. షెడ్డు గుమ్మం దగ్గరే ఆగాడు, లోపలికి రాలేదు. పొడుగు పట్టకారుతో కుప్పలోంచి ఒక దుప్పటి అంచు పట్టుకుని, కత్తెరతో చదరంగా ఒక ముక్క కత్తిరించి, గాజు సీసాలో వేసి, మూత బిగించి, ఆ సీసాని ఇంకో డబ్బాలో పెట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని జీపెక్కాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. అదే దుప్పటి రెండో కొస నా చేతిలో ఉంది. మోచేతుల దాకా తడి. మాస్కు అద్దంలోంచి నా చేతుల వంక చూశాడు, ఒట్టు, చూశాడు, పొక్కుల్ని చూశాడు. ఏమీ అనలేదు. గుడ్డకి పరీక్ష చేశారు, ఆ గుడ్డ ఉతికిన చేతికి చెయ్యలేదు. ఆ గుడ్డ ముక్క మీద ఎన్ని పుస్తకాలు రాశారో, ఎన్ని దేశాల డాక్టర్లు దాన్ని చూసి తలలు పట్టుకున్నారో. దుప్పటి మాత్రం ఉతికి ఆరేశాను నేను, మూలన చదరంగా చిల్లు పడిందే అని బాధపడి మాసిక కూడా వేశాను. ఆ మాస్కు లోపల ఉన్నది ఈ వసూఖీయేనా? అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. ఇతను కాకపోతే ఇతని గురువు, గురువు కాకపోతే ఇతని స్నేహితుడు. ఎవరైతే నాకేం, మాస్కు ఒకటే.

గొలందాం ఈపాటికి మా ఇంట్లో ఉండాలి. పొద్దున్నే దాని మరదలు దాన్ని బండి మీద కూర్చోబెట్టి తీసుకొచ్చి ఉంటుంది, తాళం ఇచ్చి వచ్చాను. కరామత్ యంత్రం గొట్టం దాని ముక్కుకి పెట్టి ఉంటుంది. రోజూ మధ్యాహ్నం అంతే, కరామత్ కాసేపు గొట్టం తీసి దానికిస్తాడు, తను వాకిట్లో నీడలో కూర్చుని పళ్ళు బిగించి ఓర్చుకుంటాడు. అదేం మనిషి చిన్నది కాదు, బస్తాలా ఉండేది, తడి దుప్పట్లు ఒక్కత్తే పిండేది, ఇప్పుడు పూచికపుల్ల. అయినా నోరు తగ్గలేదు. "బావా, నీ గాలి నేను తాగేస్తున్నానని ఏడుస్తున్నావా? చస్తే తిరిగిచ్చేస్తాలే" అంటుంది. కరామత్ నవ్వడు, "మెల్లగా పీల్చు, బుద్ధి లేకుండా మాట్లాడకు" అంటాడు. ఇద్దరు మనుషులు ఒక యంత్రం మీద బతుకుతున్నారు మా ఇంట్లో. ఒకరి పేరు మీద ఉంది అది, రెండో వాళ్ళు దొంగగాలి పీలుస్తున్నారు. దాన్నే పట్టుకుపోతారు, నేనివాళ నోరు మూసుకుని ఊదితే. అందుకే అంది అది, మొన్న రాత్రి, "చెప్పవే. నాకోసం కాదు, నేను ఎలాగూ పోతాను. కాదు కాదు, అబద్ధం, నాకోసమే. నాకు బతకాలని ఉందే తూరాన్" అంది. ఎప్పుడూ ఏడవనిది ఏడ్చింది. ఏడిస్తే కూడా ఊపిరి చాలదు దానికి, సగంలో ఆపేసింది.

కరామత్ చెడ్డవాడు కాదు. భయస్థుడు. యుద్ధంలో లేని భయం ఈ ఆఫీసులు నేర్పాయి ఆయనకి. రైల్లో అందరూ పడుకున్నాక నా చెవి దగ్గరికి వంగి, "వాళ్ళతో గొడవ పెట్టుకోకే. కుటుంబం మొత్తం దగ్గులు పట్టుకుని అడుక్కోవడానికి వచ్చింది అంటారు. ఉన్నది కూడా పోతుంది" అన్నాడు. "నోరు మూసుకుంటే మాత్రం ఉంటుందా? పోయినసారి ఆ మేజరు ఏమన్నాడో చెప్పాను కదా" అన్నాను. "పెద్ద డాక్టరు, ఆయనకి తెలీదా" అన్నాడు. ఆయనకి తెలీదయ్యా! ఆయనకి తెలిసింది గుడ్డ ముక్క. ఆయన ముందు నిలబడ్డ ఆడదాని చేతులు తిప్పి చూడలేదు, ఇదిగో ఈ చేతులు, వేళ్ళ మధ్య చర్మం ఇప్పటికీ కాగితంలా మెరుస్తోంది. ఇంత పెద్ద కేంద్రం, ఇన్ని గదులు, ఎలకలకి ఆ విషం పోశారు, కుందేళ్ళకి పోశారు, ఏ ఎలక ఎన్నాళ్ళు బతికిందో చెప్తారు. ఆ ఎలకలకున్న పాటి విలువ లేకపోయింది మా షెడ్డుకి. షెడ్డులో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఒకామె రక్తం కక్కుకుని, ఒకామె కళ్ళు పోయి బావి గట్టు తట్టుకుని పడి. అందరికీ ఆస్త్మా అన్నారు, ఉప్పు తగ్గించమన్నారు, తివాచీలు దులపొద్దన్నారు. మేం తివాచీలు దులుపుకునే వాళ్ళమా, మా మొహాలకి! కోపం ఛాతీలోకి వస్తే దగ్గు కూడా వస్తుంది, ఆపుకున్నాను, చారల చాదరు ఆమె లాగే నేనూ మడతలోకి దగ్గాను. ఛీ. ఎందుకు దాచుకోవాలి? ఎవడి సొమ్ము ఇది?

"ఆరోగ్యవంతుల్లో తర్వాత ఎవరు? తూరాన్ ఖానుమ్!"

పిలిచింది. తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది పిల్ల, లోపల ఆ గొట్టం, ఆ క్లిప్పు. లేచాను. తలుపు ఎడమ పక్క. నేను ఎడమకి తిరగలేదు. నేరుగా నడిచాను, నడవాకి అడ్డంగా, అవతలి గోడ దాకా. ఎంతసేపు, రెండు క్షణాలు, కానీ ఆ బెంచీ మీది మొగాళ్ళు నేను వస్తున్నది చూసి ఒక్కొక్కరే తల దించుకున్నారు, పరాయి ఆడమనిషి కదా మరి. "జరుగు నాయనా" అన్నాను ఫరామర్జ్‌తో. అతను రొట్టె నోట్లో ఉండగానే జరిగాడు. అతనికీ నా మొగుడికీ మధ్య కూర్చున్నాను.

"తూరాన్!" కరామత్ గొంతులోంచి ఈల వచ్చింది. "ఏంటే ఇది? లే. నా పరువు తీయకు. లే."

"లేవను."

"అమ్మా, మీది ఆకుపచ్చ పట్టీ" అంది పిల్ల, తలుపు వదలకుండా.

పట్టీని పళ్ళతో కొరికి తెంపి ఒళ్ళో పెట్టుకున్నాను. అప్పుడు లోపలి నుంచి మేజర్ వసూఖీ వచ్చాడు, చేతిలో కళ్ళద్దాలు తుడుచుకుంటూ. మర్యాదస్తుడు, నవ్వాడు కూడా. "ఇది గ్యాసు తగిలినవాళ్ళ బెంచీ తల్లీ" అన్నాడు.

"తెలుసు బాబూ. వీళ్ళ దుప్పట్లు ఉతికింది నేనే."

"యుద్ధానికి వెళ్ళారా అని అడిగితే లేదన్నారుగా?"

"వెళ్ళలేదు. మీరు అడిగింది అదొక్కటే. ఏం ఉతికావు అని అడిగుంటే చెప్పేదాన్ని. లారీల్లో తెచ్చి మా కాళ్ళ మీద పోశారు, రైలు పట్టాల పక్క ఆసుపత్రిలో, ఆ రేకుల షెడ్డులో. ఈ చేతులతో ఉతికాం, ఈ కాళ్ళతో తొక్కాం. మీరేమో నన్ను తీసుకొచ్చి ఏ విషమూ తగలని మనిషి అని నా మొగుడి పక్కన నిలబెట్టారు. నా ఊపిరి చూపించి ఆయన జబ్బు దుమ్మని కొట్టేస్తారా?" గొంతు పెద్దదయింది. కానీ, పెద్దదవనీ. పక్క గదుల్లోంచి తలకాయలు బయటికి వచ్చాయి.

నా పక్కన నమలడం ఆగిపోయింది. "రైలు పట్టాల పక్క ఆసుపత్రా అక్కా?" అన్నాడు ఫరామర్జ్ మెల్లగా. "నేనక్కడే ఉన్నాను. కళ్ళకి కట్టు కట్టేశారు. ఆ దుప్పట్లు ఉతికింది మీరా? యంత్రాలు ఉంటాయనుకున్నాం."

"మేమే యంత్రాలం. ఏమీ అనుకోకు తమ్ముడూ, వెల్లుల్లి వాసన కొడుతుంటే మీ రష్త్ పటాలం దుప్పట్లనుకున్నాం. మిమ్మల్ని ఆడిపోసుకుని, పడీ పడీ నవ్వుకుంటూ ఉతికాం."

అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. డబ్బా మూత పెట్టేశాడు. "ఆ వార్డంతా కలిపి రష్త్ వాణ్ణి నేనొక్కణ్ణే అక్కా. మిగతావాళ్ళు మషద్ వాళ్ళు, యజ్ద్ వాళ్ళు. ఇక నాకా, మంచినీళ్ళు కూడా గొంతు దిగేవి కావు."

ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. మేజరు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "చూడండి తల్లీ, ఇది వేరే విషయం. దీన్ని ఇంకో దారిలో చూడాలి. ఈ పరిశోధనకి మాత్రం ఇక మీరు పనికిరారు."

"పనికిరాను. నా సంగతి తర్వాత చూద్దురుగాని, ముందు గొలందాం పేరు రాసుకోండి. మా వీధే. ఇప్పుడు మా ఇంట్లో, మా ఆయన గొట్టం ముక్కుకి పెట్టుకుని కూర్చుని ఉంది. దానికి బతకాలని ఉందట. రాసుకోండి బాబూ, జేబులో కలం ఉందిగా." కలం జేబులోంచి రాలేదు. దాని బంగారు రంగు మూత వంకే చూస్తూ కూర్చున్నాను. ఆయన చెయ్యి అటు వెళ్ళినట్టే వెళ్ళి, కోటు గుండీ సర్దుకుని దిగిపోయింది. పిల్ల వైపు తిరిగి, "తర్వాతి ఆరోగ్యవంతురాలిని పిలువమ్మా, టైమైపోతోంది" అన్నాడు.

పిల్ల పేరు చదివింది. ఎదురు బెంచీ మీద చారల చాదరు ఆమె లేచింది. సన్నటి మనిషి, పొద్దుట్నుంచీ ఒక్క మాట మాట్లాడింది లేదు. తలుపు వంక చూసింది, మేజరు వంక చూసింది, తన చేతి పట్టీ వంక చూసుకుంది. చాదరు మడత నోటి మీంచి తీసేసింది. "మా ఆయన సెలవు మీద వచ్చినప్పుడు ఆ యూనిఫాం నేనే ఉతికాను" అంది, ఇంత చిన్న గొంతుతో. "పిల్లల బట్టలతో కలిపి నానేశాను." తర్వాత దగ్గు వచ్చింది ఆమెకి, దాచుకోలేదు, నడవా మధ్యలో నిలబడి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని దగ్గింది. దగ్గు తెరిపిచ్చాక తలుపు వైపు పోలేదు, మా వైపు నడిచింది. బెంచీ మీద చోటు లేదు. కరామత్ ఆమెని చూశాడు, నన్ను చూశాడు. కాళ్ళ మధ్య ఉన్న సిలిండరు ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, గోడకి అతుక్కుపోయేలా జరిగాడు.